దుబాసీ

జూన్ నెల. పూతలపట్టు రోడ్డులో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర
తోతాపురి ట్రాక్టర్లు మైలు పొడుగునా.
ఎండకు కాయలు మగ్గతా వుండాయి.
డ్రైవర్లు ట్రైలర్ల కింద నీడకు దూరి
మొగాన తువ్వాలేసుకోని పండుకోనుండారు.

కాటా గదిని ఆనుకోని మూడు కంప్యూటర్లు.
కాటాది పాత విండోస్, పదేండ్ల దుమ్ము.
ల్యాబులో తీపి కొలిచేది లినక్స్.
మేనేజరు బల్ల మీద వెండిరంగు మ్యాక్.
గోడ ఒకటే, కాపురాలు మూడు,
ఒకరి మాట ఒకరికి రాదు.

వాటి నడమ ఇన్నేండ్లూ
మొగిలీశ్వరక్క చూపుడువేలు.
చీటీ చూసి ఈడ కొట్టేది,
ఈడ చూసి ఆడ కొట్టేది,
నాలుగువేల రెండొందల అరవై కిలోలు
మూడు తూర్లు, మూడు పెట్టెల్లో.
సీజను ముగిసేతలికి
మణికట్టుకు తడిగుడ్డ.

"నీ చేతికి ఇంగ రెస్టు లేక్కా" అనుకుంటా
నేను దిగినాను, ల్యాప్‌టాప్ సంచితో.

చిత్తూరు బస్టాండు ఎరిగినోడికి
ఇదేం కొత్త విద్య కాదు.
వేలూరు వేలూరని అరవంలో అరిచే నోరే
ముళబాగిలుకు కన్నడంలో పిలస్తాది,
పలమనేరు ముసలామెకు
తెలుగులో మెల్లగా బస్సు చూపిస్తాది.
నేను రాసింది అట్లాంటి నోరొకటి.
నూటా పద్దెనిమిది వరసల దుబాసీ.

కాటా కిటికీని పేరు పెట్టి పిలువు, ముందుకొస్తాది.
మూడో గడిలో అంకె వుంటాది, నోట కరుచుకో.
గోడ దాటు. లినక్స్ తలుపు తట్టు.
తీపెంత అని అడుగు.
పద్నాలుగున్నర అంటే పద్నాలుగున్నరే, నువ్వు కలపొద్దు.
మ్యాక్‌లో పట్టీ తెరిచి అట్టడుగు వరసలో దించు.
దాచిపెట్టు. మూసెయ్. మళ్ళీ రా.

మొదటి దినం ఎవురో తెర సైజు మార్చినారు.
నా దుబాసీ ఒక గడి పక్కన కాలు పెట్టినాడు.
పట్టీలో చూస్తే
4260 అనే రైతు
దొరసామి కిలోల కాయ తెచ్చినాడు.
మేనేజరు నవ్వలేదు. అక్క నవ్వింది.

ఆ రాత్రి అక్క పక్కనే కూర్చోని
వేలు వేలుకూ సెకన్లు రాసుకున్నాను.
చీటీకి రెండు, గడికి మూడు.
ఖాళీ బండి కాటా ఎక్కినాక మాత్రం
మీట నొక్కకముందు పదకొండు సెకన్లు
తెర మీద ఏమీ లేదు.
అలుపనుకున్నా. కోసేసినా.

మరుసటి దినం వరస పరిగెత్తింది.
మూడింటికల్లా గేటు ముందర రోడ్డు కనపడింది.
నా భుజం మీద మేనేజరు చెయ్యి.

దొరసామి వచ్చినాడు, గుడిపాల ఆయప్ప,
చీటీ నాలుగు మడతలు పెట్టి.
"నాయనా, పోయిన తూరీ ఇదే ట్రైలరు.
ఖాళీ తూకం ఎట్ల పెరిగింది?
ఇనుముకు కూడా కడుపొచ్చిందా?"

నూటా ఇరవై రెండు కిలోలు.
నా నూటా పద్దెనిమిది వరసలూ వెతికినా.
ఒక్క తప్పు లేదు.

అక్క తల తిప్పకుండానే అనింది:
"కిటికీలో చూసింటే తెలిసిండేది."
"ఏ కిటికీ అక్కా?"
"గోడకుండేది, అబ్బోడా."

ఇనుప చువ్వల అవతల కాటా మీద
ఇంకో ఖాళీ ట్రైలరు.
అందులో ఇద్దురు కూలోళ్ళు
కాళ్ళు వేలాడేసుకోని బీడీ పంచుకుంటా వుండారు.
వాళ్ళ ఒంటి బరువు
రైతు కాయల్లో తరుగవతా వుండాది.

నా భాషలో కిటికీలు పద్నాలుగు.
ఆ ఒక్కటే లేదు.

నూటా పంతొమ్మిదో వరస రాసినా.
ఆగు. గడియారం చూడొద్దు.
తెర నడమ ఒకే మాట: దిగినారా?
దాని కింద ఒకే మీట, అక్క వేలికి.

"ఈడెందుకు నిలబడిపోతాది?" అని మేనేజరు.
"పాత మిషను సార్, ఆయాసం" అన్నా.

బండెక్కింది. దుబాసీ ఆగినాడు.
అక్క చువ్వలు పట్టుకోని వంగి
కాట్పాడి కూలోళ్ళను కేకేసింది:
"ఎరంగుప్పా! రెండు పేరుం!"

చెప్పుల చప్పుడు.
ఎర్ర అంకె వూగి వూగి
తగ్గి
నిలబడింది.